శిథిలాల మధ్య రెండు చాపల ఇల్లు
నాగసాకి డాక్టర్ తకాషి నగాయి జీవితం

యుద్ధాల గురించి మనం చదువుకున్నదంతా చాలావరకు బాంబు పడిన రోజుతో ముగిసిపోతుంది. విమానం ఎక్కడి నుండి వచ్చింది, ఎంతమంది చనిపోయారు, శత్రువు ఏ తేదీన లొంగిపోయాడు - ఇవన్నీ బడి పుస్తకాలలో ఉంటాయి. కాని ఆ మరునాడు ఏమవుతుంది? బ్రతికి మిగిలినవారు ఎక్కడ తలదాచుకుంటారు? ఏం వండుకుంటారు? తల్లిని పోగొట్టుకున్న పిల్లలను ఎవరు పెంచుతారు? ఇల్లు ఉండిన చోట బూడిద కుప్ప మిగిలితే, ఆ చోటుకి తిరిగి వెళ్ళాలా, లేక దానిని విడిచి ఎక్కడికైనా పోవాలా? ఈ ప్రశ్నలకు తన బ్రతుకుతోనే జవాబు చెప్పిన ఒక వైద్యుని గురించి ఈ వారం తెలుసుకుందాం. ఆయన జపాను దేశస్థుడు డాక్టర్ పౌలు తకాషి నగాయి. నాగసాకి నగరంపై అణుబాంబు పడిన తరువాత దాదాపు ఆరు సంవత్సరాలు ఆయన బ్రతికారు. అందులో ఎక్కువ కాలం ఆ శిథిలాల మధ్యనే, మంచం పట్టి గడిపారు.

విశ్వాసం లేని విద్యార్థి

నగాయి 1908 ఫిబ్రవరి 3న పశ్చిమ జపానులోని మత్సుయె పట్టణంలో పుట్టారు. తండ్రి వైద్యుడు, తాత నాటువైద్యుడు. 1928లో నాగసాకి వైద్య కళాశాలలో చేరే నాటికి ఆయనకు దేవుడంటే నమ్మకం లేదు. మనిషి అంటే శరీరమే, శరీరం అంటే పదార్థమే అని నమ్మే రోజులవి. 1930లో తల్లికి మెదడులో రక్తస్రావం జరిగిందని కబురు వచ్చింది. ఆయన పరుగున వెళ్ళేసరికి ఆమెకు మాట పడిపోయింది. ఆమె కొడుకు వైపు చూస్తూ, ఆ చూపుతోనే కన్నుమూసింది. శవాలను కోసి చూసిన విద్యార్థికి ఆ చూపు అర్థం కాలేదు. శరీరంతో పాటు తల్లి ప్రేమ కూడా అంతమైపోయిందని నమ్మడానికి మనసు ఒప్పుకోలేదు. ఆ తరువాత ఆయన ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ ఆలోచనలను చదవసాగారు. ఒక శాస్త్రజ్ఞుడు అంతగా నమ్మిన విశ్వాసమేమిటో దగ్గర నుండి చూడాలనిపించి, కతోలికులు నివసించే ఉరకామి ప్రాంతంలో ఒక ఇంట్లో అద్దెకు చేరారు.

ఈ ఉరకామి గురించి కొంచెం తెలుసుకోవాలి. 1549లో పునీత ఫ్రాన్సిస్ శౌరి జపానులో సువార్త చాటిన తరువాత అక్కడ విశ్వాసం త్వరగా వ్యాపించింది. ఆ తరువాత ఘోరమైన వేదహింసలు కూడా మొదలయ్యాయి. 1597లో 26 మందిని నాగసాకిలో సిలువ వేశారు. తరువాత గురువులు లేరు, దివ్యపూజ లేదు. అయినా ఉరకామి రైతులు రెండు వందల సంవత్సరాలకు పైగా తమ విశ్వాసాన్ని రహస్యంగా బిడ్డలకు అందించారు. 1865లో ఒక ఫ్రెంచి గురువు వారిని కనుగొన్నారు. ఆ సంగతి బయటపడి, మూడు వేలకు పైగా ఉరకామి ప్రజలను దేశంలోని నలుమూలలకు బహిష్కరించారు. ఆరు వందల మందికి పైగా ప్రవాసంలోనే మరణించారు. 1873లో నిషేధం తొలగిన తరువాత తిరిగి వచ్చినవారు, తమ పెద్దలను పవిత్ర చిత్రాలను కాళ్ళతో తొక్కమని బలవంతపెట్టిన చోటునే కొని, అక్కడ దేవాలయం కట్టడం ప్రారంభించారు. 1895లో మొదలైన ఆ కట్టడానికి 1925లో రెండు గంటల గోపురాలు లేచాయి. పేద రైతుల చెమటతో ముప్పై ఏళ్ళు పట్టిన నిర్మాణమది.

నగాయి అద్దెకున్న మొరియామ వారి ఇల్లు ఆ రహస్య క్రైస్తవుల నాయకులది. పండుగల పంచాంగాన్ని కాపాడే బాధ్యత ఏడు తరాలుగా ఆ కుటుంబానిదే. వారి కుమార్తె మిడోరి. 1932లో క్రీస్తు జయంతి నాటి అర్ధరాత్రి పూజకు ఆ కుటుంబం ఆయనను వెంట తీసుకువెళ్ళింది. ఆ చలికాలంలోనే మిడోరికి ఆంత్రపుచ్ఛం వాచి ప్రాణం మీదకు వస్తే, నగాయి ఆమెను వీపున మోసుకుని మంచులో నడిచి ఆసుపత్రికి చేర్చారు. 1933లో ఆయన సైన్యంలోకి వెళ్ళవలసి వచ్చినప్పుడు మిడోరి చేతి తొడుగులు, తరువాత ఒక సత్యోపదేశ పుస్తకం పంపింది. ఆయన మంచూరియాలో ఆ చిన్న పుస్తకాన్ని చదివారు. తిరిగి వచ్చి, 1934 జూన్‌లో పౌలు అనే పేరుతో జ్ఞానస్నానం పొందారు. ఆగస్టులో వారి వివాహం జరిగింది. నలుగురు పిల్లలు పుట్టారు. ఇద్దరు పసితనంలోనే పోయి, కుమారుడు మకోతో, కుమార్తె కయానో మిగిలారు.

మూడేళ్ళ గడువు

చదువు ముగిసే సమయంలో జబ్బు చేసి నగాయికి ఒక చెవి వినికిడి పోయింది. స్టెతస్కోపుతో పనిచేయడం సాధ్యం కాక ఎక్స్‌రే విభాగంలో చేరారు. అప్పట్లో ఆ విభాగానికి పెద్దగా గౌరవం లేదు, అపాయం మాత్రం చాలా ఉంది. యుద్ధకాలంలో ఫిల్ములు దొరకక, క్షయరోగులను వరుసగా నిలబెట్టి తెర మీద కంటితోనే చూసేవారు. రోజుల తరబడి, ఏళ్ళ తరబడి ఆ కిరణాలు వైద్యుని ఒంటిలోకి దూరాయి. 1945 జూన్‌లో ఆయనకు రక్త క్యాన్సర్ అని తేలింది. ఇంకా మూడేళ్ళకు మించి బ్రతకరని తోటి వైద్యులు చెప్పారు. ఆ సంగతి భార్యకు చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. బ్రతికినా చనిపోయినా అది దేవుని మహిమ కొరకే కావాలని ఇద్దరూ కోరుకున్న సంగతిని గుర్తుచేసింది.

ఏడవలేదు అన్నది ఆయన ఎదుట మాత్రమే. ఆగస్టు 8వ తేదీ ఉదయం ఆయన నవ్వుతూ పనికి బయలుదేరారు. భోజనం డబ్బా మరిచిపోయానని దారిలో గుర్తుకొచ్చి వెనక్కి వచ్చారు. మిడోరి గుమ్మంలో నేల మీద పడి ఏడుస్తూ కనిపించింది. ఆ రాత్రి కళాశాలలో విమాన దాడుల కాపలా వంతు కావడంతో ఆయన ఇంటికి రాలేదు. భార్యను ప్రాణాలతో చూడడం అదే ఆఖరు.

ఆగస్టు 9వ తేదీ ఉదయం 11 గంటల 2 నిమిషాలకు ఉరకామి లోయపై, సుమారు 500 మీటర్ల ఎత్తులో ప్లుటోనియం బాంబు పేలింది. మొదట దానిని వేయదలచినది కోకురా నగరం మీద. అక్కడ కింది నేల సరిగా కనబడక విమానం నాగసాకికి మళ్ళింది. దేవాలయంలో అప్పుడు మోక్షారోపణ పండుగకు సిద్ధపడేవారు పాపసంకీర్తనం చేస్తున్నారు. ఇద్దరు గురువులు, వారితో ఉన్న విశ్వాసులు ఎవరూ మిగలలేదు. ఉరకామిలోని సుమారు 12,000 మంది కతోలికులలో దాదాపు 8,500 మంది మరణించారని లెక్క. ఆ సంవత్సరాంతానికి నగరంలో మృతుల సంఖ్య 70,000 దాటింది.

పేలుడు జరిగిన చోటికి 700 మీటర్ల దూరంలో ఉన్న ఆసుపత్రి కాంక్రీటు కట్టడం కాబట్టి నగాయి బ్రతికారు. గాజు ముక్కలు దిగి, కణత దగ్గరి రక్తనాళం తెగి, గుడ్డలతో అదిమి కట్టుకున్న తలతోనే ఆయన రోగులను మంటల నుండి కొండ మీదకు చేర్పించారు. మూడవ రోజున, అంటే ఆగస్టు 11న, ఇంటికి నడిచి వెళ్ళారు. ఇల్లు లేదు. వంటగది ఉండిన చోట నల్లగా కాలిన కొన్ని ఎముకలు, వాటి పక్కనే కరిగి ముద్దయిన జపమాల గొలుసు కనిపించాయి. ఎముకలు ఇంకా వెచ్చగానే ఉన్నాయట. ఆయన వాటిని ఒక బాల్చీలోకి ఏరుకున్నారు. పిల్లలిద్దరూ కొన్ని రోజుల ముందే అమ్మమ్మతో కొండ ప్రాంతపు పల్లెకు వెళ్ళి ఉండడం వల్ల బ్రతికారు.

ఆ మరునాడే నగాయి, ఆయనతో మిగిలిన వైద్యులు, నర్సులు కొండ గ్రామాలలో ఇల్లిల్లూ తిరిగి గాయపడినవారికి వైద్యం చేయడం మొదలుపెట్టారు. మందులు లేవు. అణుధార్మికత వల్ల వచ్చే జబ్బు ఎలా ఉంటుందో అప్పటికి ఏ పుస్తకంలోనూ లేదు. చూసినది చూసినట్లు రాసుకున్నారు. సుమారు రెండు నెలల ఆ సేవ మధ్యలో, సెప్టెంబరులో, కణత గాయం మళ్ళీ తెరుచుకుని నెత్తురు ఆగక ఆయన స్పృహ తప్పారు. అవస్థ అభ్యంగనం కూడా ఇచ్చారు. 1930లలో నాగసాకిలో మఠం నెలకొల్పి, ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ప్రాణమర్పించిన మాక్సిమిలియన్ కోల్బే గురువు మధ్యవర్తిత్వం వల్లనే తాను కోలుకున్నానని నగాయి చివరి వరకు నమ్మారు.

రేకుల గుడిసెలో

ఇక్కడి నుండే మన కథ అసలు మొదలవుతుంది. డెబ్బై ఐదేళ్ళ వరకు ఉరకామిలో గడ్డి కూడా మొలవదని, అక్కడ కాలు పెట్టినవాడు చస్తాడని ఒక వదంతి వ్యాపించింది. మిగిలినవారు బంధువుల ఊళ్ళకు తరలిపోయారు. తరతరాల ఊరు అలా మాసిపోయే సమయంలో, అక్టోబరులో నగాయి అక్కడికే తిరిగి వచ్చారు. తన పాత ఇంటి పునాది రాళ్ళను ఆసరా చేసుకుని, కాలగా మిగిలిన కొయ్యలు, వంగిపోయిన రేకులు ఏరి ఒక గుడిసె కట్టించుకున్నారు. అందులో అత్తగారు, పిల్లలు, ఆయన. గాలి వీస్తే రేకులు మోగేవి, మంచు కురిస్తే పక్కల మీద పడేది. వంట పాత్రలు కూడా శిథిలాల నుండి తవ్వి తీసినవే.

గమనించండి, ఆయన గుడ్డి ధైర్యంతో వెళ్ళలేదు. కిరణాల గురించి ఆ ఊళ్ళో ఆయనకంటె బాగా తెలిసినవారు లేరు. మొదటి వారాలలోనే అక్కడ కాపురం పెట్టినవారికి నీరసం, విరేచనాలు వచ్చిన సంగతి ఆయనే నమోదు చేశారు. అందుకే నేలను పరీక్షగా చూశారు. మూడు వారాలకు బాంబు పేలిన చోటనే చీమలు బారులు తీరి కనిపించాయి. నెల గడిచేసరికి వానపాములు కనిపించాయి. చిన్న ప్రాణులు బ్రతికి పిల్లలు పెడుతుంటే మనిషి కూడా బ్రతకగలడని ఆయన లెక్క వేశారు. పేలుడుకు చెల్లాచెదురైన గోధుమ గింజలు మొలకెత్తాయి. చిలగడదుంప తీగలు ఆకులు వేశాయి. వదంతిని ఆయన ఉపన్యాసంతో ఖండించలేదు. పిల్లలతో సహా అక్కడ కాపురం పెట్టి చూపించారు. ఆయనను చూసి ఒక్కొక్క కుటుంబం వెనక్కి వచ్చింది. ఒక్కొక్క రేకుల గుడిసె లేచింది.

ఆ గుడిసెలలో దినచర్య ఎలా ఉండేదో ఊహించండి. ఉదయం లేచి పగిలిన పెంకులు, గాజు ముక్కలు తీసివేసి జానెడు నేల శుభ్రం చేయాలి. పారతో తవ్వితే ఎముకలు బయటపడేవి. అవి ఎవరివో తెలియదు. తమ వారివే అనుకుని ప్రార్థన చెప్పి భద్రపరచాలి. మధ్యాహ్నానికి దుంపలు దొరికితే అదే భోజనం. సైన్యం నుండి విడుదలై వచ్చిన యువకులు ఇంటి కొరకు వెతికి, ఇల్లూ లేక, ఇల్లాలూ లేక, బూడిదలో కూర్చుండిపోయేవారు. అలాంటివారు చాలామంది నగాయి గుడిసెకు వచ్చేవారు. భార్యనూ అయిదుగురు బిడ్డలనూ పోగొట్టుకున్న ఒకతను వచ్చి, ఇది దేవుడు వేసిన శిక్ష అని ఊరివాళ్ళు అంటున్నారని కుమిలిపోయాడు. మరి నా పిల్లలు చేసిన పాపమేమిటి అన్నది అతని వేదన.

బలి అన్న మాట

నగాయికి ఆ వేదన కొత్త కాదు. 1945 నవంబరు 23న కూలిన దేవాలయం ముందు, ఆరుబయట, మృతుల ఆత్మశాంతికై దివ్యపూజ జరిగింది. విచారణ ప్రజల తరఫున మాట్లాడమని నగాయిని కోరారు. చనిపోయినవారు శిక్షింపబడినవారు కారని, యుద్ధం ముగియడానికి దేవునికి అర్పింపబడిన నిర్మలమైన బలి అని, వారి మరణాన్ని దైవసంకల్పంగా స్వీకరించాలని ఆయన ఆ రోజు చెప్పారు. శాపగ్రస్తులుగా తలవంచుకున్న జనానికి ఆ మాట గొప్ప ఓదార్పు అయింది. తమ వారు వ్యర్థంగా పోలేదన్న నమ్మకంతో లేచి నిలబడినవారెందరో ఉన్నారు.

కాని, పాఠకులారా, ఆ మాటను తట్టుకోలేనివారూ ఉన్నారని దాచకూడదు. నగాయి మరణానంతర దశాబ్దాలలో నాగసాకిలోని కొందరు రచయితలు, పండితులు ఆ భావాన్ని గట్టిగా విమర్శించారు. బాంబు వేసినది మనుషులు. యుద్ధం మొదలుపెట్టినదీ మనుషులే. దానిని దైవసంకల్పం అంటే వారి బాధ్యత మాసిపోదా అని వారు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. 1981 ఫిబ్రవరిలో జగద్గురువులు రెండవ జాన్ పాల్ పోపుగారు హిరోషిమాలో నిలబడి, యుద్ధం మానవుడు చేసే పని అని స్పష్టం చేశారు. బాధితులలో చాలామందికి ఆ మాట వల్ల నోరు తెరిచి తమ కథ చెప్పుకునే ధైర్యం వచ్చిందంటారు.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. నగాయి ఆ మాట సుఖంగా ఉన్నచోట నుండి ఇతరులకు చెప్పలేదు. భార్య ఎముకలను బాల్చీలో మోసిన చేతులతో, గడువు దగ్గరపడుతున్న దేహంతో, తన వంటివారి మధ్య నిలబడి చెప్పారు. మన ఊళ్ళో బిడ్డ పోయిన ఇంటికి వెళ్ళి, అంతా దైవచిత్తం అని సులువుగా చెప్పి వచ్చేవారికీ ఆయనకూ చాలా తేడా ఉంది. దుఃఖంలో ఉన్నవాని పక్కన చాలాకాలం కూర్చున్న తరువాత గాని అటువంటి మాట పలికే హక్కు ఎవరికీ రాదు.

ఆ డిసెంబరులో యువకులు కొందరు దేవాలయ శిథిలాలను తవ్వడం మొదలుపెట్టారు. గోపురాలలోని రెండు గంటలలో చిన్నది పగిలిపోయింది. పెద్దది ఇటుకల కింద చెక్కుచెదరకుండా దొరికింది. దుంగలు పాతి గొలుసులతో దానిని పైకెత్తి, క్రీస్తు జయంతికి ముందు రాత్రి మోగించారు. బాంబు పడినది మొదలు మూగబోయిన లోయలో త్రికాల జపం గంట మళ్ళీ వినబడింది. గుడిసెలలో ఉన్నవారు బయటికి వచ్చి చీకటిలో నిలబడి ప్రార్థించారు. గోడలు లేవు, పైకప్పు లేదు. కాని గంట మోగింది కనుక ఊరు ఉన్నదని వారికి అనిపించింది.

పడక మీది పని

1946 జనవరిలో ఆయనకు ఆచార్య పదవి వచ్చింది. జూలైలో దారిలోనే కుప్పకూలిపోయారు. ఇక నడవలేదు. ప్లీహం వాచి పొట్ట ఉబ్బిపోయింది. 1948 వసంతంలో విచారణ ప్రజలు, ఊరి వడ్రంగులు కలిసి ఆయనకు ఒక చిన్న ఇల్లు కట్టి ఇచ్చారు. జపానులో గది కొలతను నేల మీద పరిచే చాపలతో చెబుతారు. ఈ ఇల్లు రెండు చాపలంత. ఒక చాప మీద ఆయన, రెండవ దాని మీద ఇద్దరు పిల్లలు. నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమింపుము అన్న ప్రభువు ఆజ్ఞను తలపించేలా దానికి న్యోకోదో అని పేరు పెట్టుకున్నారు.

మంచం పట్టిన మనిషి ఏం చేయగలడు? చేతులు ఆడుతున్నాయి, కళ్ళు కనిపిస్తున్నాయి కనుక రాయగలనని ఆయన నిశ్చయించుకున్నారు. వెల్లకిల పడుకుని, రాత పలకను పైకి ఆనించుకుని రాసేవారు. పగలంతా వచ్చేపోయేవారితో గడిచేది. రాత చాలావరకు రాత్రివేళ సాగేది. మొదటి పుస్తకం నాగసాకి గంటలు 1946లోనే పూర్తయినా, ఆక్రమణ సైన్యపు సెన్సారు అడ్డుపడింది. ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో జపాను సైన్యం చేసిన దురాగతాల నివేదికను దానికి జతపరచాలన్న షరతు మీద 1949 జనవరిలో అచ్చయింది. దేశమంతా చదివింది. 1950లో చలనచిత్రంగా వచ్చింది.

పుస్తకాల ద్వారా వచ్చిన డబ్బుతో ఆయన గది పెరగలేదు. అందులో పెద్ద భాగం ఉరకామి పునర్నిర్మాణానికి వెళ్ళింది. 1948లో ఒక పురస్కారం కింద వచ్చిన సొమ్ముతో వెయ్యి చెర్రీ మొక్కలు కొనిపించి, బడి దగ్గర, ఆసుపత్రి దగ్గర, దేవాలయం దగ్గర, వీధుల పక్కన నాటించారు. తిండికే కరువుగా ఉన్నప్పుడు పూల మొక్కలేమిటని మనకు అనిపించవచ్చు. ఆ పూలు చూడడానికి తాను ఉండనని ఆయనకు తెలుసు. బూడిద రంగు తప్ప మరొకటి చూడని పిల్లల కొరకు నాటించారు. ఆ పిల్లల కొరకే ఇంటి పక్కన ఒక చిన్న గ్రంథాలయం కూడా ఏర్పాటు చేశారు. బడి విడిచిన తరువాత పిల్లలు వచ్చి బొమ్మల పుస్తకాలు తిరగేస్తూ ఉంటే ఆయన పడక మీది నుండి వింటూ ఉండేవారు.

ఆ ఇంట్లో ఒక కఠినమైన నియమం ఉండేది. వాచిన ప్లీహానికి దెబ్బ తగిలితే పగిలి ప్రాణం పోతుంది కనుక పిల్లలు తండ్రి మీదకు ఎగబడకూడదు. చిన్నారి కయానోకు తల్లి లేదు, తండ్రి ఉన్నా ఒళ్ళో కూర్చునే వీలు లేదు. ఒకనాడు ఆయన నిద్రపోతున్నాడనుకుని ఆ పిల్ల మెల్లగా దగ్గరికి వచ్చి, తన చెంపను తండ్రి చెంపకు ఆనించి, నాన్న వాసన వస్తోందని మురిసిపోయింది. మేలుకునే ఉన్న నగాయి కళ్ళు తెరవలేదు. తెరిస్తే పిల్ల వెళ్ళిపోతుందని ఊరకున్నారు. త్వరలో ఈ ఇద్దరినీ అనాథలుగా విడిచిపోవాలి కదా అన్న బాధను ఆయన ఈ బిడ్డలను విడిచి అనే పుస్తకంలో దాచుకోకుండా రాశారు. విశ్వాసం ఆయన గుండెను రాయి చేయలేదు. ఆ నొప్పిని భరిస్తూనే పిల్లలకు రోజూ చదువు, జపం, ఇంటి పని నేర్పించారు.

ఆ రెండు చాపల గదికి లోకం వచ్చింది. 1948 అక్టోబరులో హెలెన్ కెల్లర్ వచ్చి చీకటిలో నుండే ఆయన చేయి పట్టుకున్నారు. 1949 మే నెలలో జపాను చక్రవర్తి ఆయనను కలిశారు. శౌరివారి రాకకు నాలుగు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా వచ్చిన పోపుగారి ప్రతినిధి కార్డినల్ గిల్‌రాయ్ కూడా వచ్చారు. నగరం ఆయనను గౌరవ పౌరునిగా ప్రకటించింది. అయితే ఆ గదికి ఎక్కువగా వచ్చినది పేరులేని వారే. కొడుకు పోయిన తల్లి, కాలు పోయిన సిపాయి, ఉత్తరం రాసిపెట్టమని అడిగే పొరుగువాడు. వారిని కాదని ఆయన ఎప్పుడూ పంపలేదు.

చివరి పాఠం

మూడేళ్ళని చెప్పిన గడువు ఆరేళ్ళకు చేరువైంది. 1951 మే 1వ తేదీన ఆయన తనను వైద్య కళాశాల ఆసుపత్రికి చేర్చమని కోరారు. బ్రతకడానికి కాదు. రక్త క్యాన్సర్ రోగి చివరి ఘడియలు ఎలా ఉంటాయో వైద్య విద్యార్థులు చూసి నేర్చుకోవాలని ఆయన కోరిక. ఆ రాత్రే కొడుకు చేతి నుండి సిలువను అందుకుని, ప్రార్థిస్తూ ప్రాణం విడిచారు. వయస్సు 43. ఆయన కోరిన ప్రకారం దేహాన్ని పరీక్షకు ఇచ్చారు. మామూలుగా రెండు వందల గ్రాములు కూడా ఉండని ప్లీహం ఆయనలో మూడు కిలోలు దాటింది. ఎక్స్‌రే గదిలో ప్రారంభమైన సేవ శవపరీక్ష బల్ల మీద ముగిసింది. మే 14న నగరం జరిపిన అంత్యక్రియలకు సుమారు 20,000 మంది వచ్చారు. మిడోరి పక్కనే ఆయనను సమాధి చేశారు.

ఉరకామి దేవాలయాన్ని 1959లో తిరిగి కట్టారు. శిథిలాలలో దొరికిన పెద్ద గంటను ఒక గోపురంలో వేలాడదీశారు. రెండవ గోపురం చాలాకాలం గంట లేకుండా ఉండిపోయింది. ఆ బాంబును తయారుచేసిన పథకంలో వైద్యునిగా పనిచేసిన ఒక అమెరికన్ మనుమడు చొరవ తీసుకుని, అమెరికా కతోలికుల నుండి విరాళాలు పోగుచేసి కొత్త గంట చేయించారు. 2025 ఆగస్టు 9వ తేదీన, సరిగ్గా 11 గంటల 2 నిమిషాలకు, ఎనభై ఏళ్ళ తరువాత రెండు గంటలూ కలిసి మోగాయి. రెండు చాపల గది కూడా నేటికీ అక్కడే ఉంది. పక్కనే ఆయన పేరిట స్మారక భవనం, అందులో పిల్లల గ్రంథాలయం ఉన్నాయి.

ప్రియ పాఠకులారా! కూలిన గోడలు ఒక్క యుద్ధంలోనే ఉండవు. అప్పుల వల్ల, తాగుడు వల్ల, మరణం వల్ల, నమ్మకద్రోహం వల్ల కూలిన ఇళ్ళు మన విచారణలోనూ ఉంటాయి. అటువంటి ఇంటి ముందు నుండి మనం చూపు తిప్పుకుని పోతుంటాం, అక్కడ ఇక గడ్డి కూడా మొలవదన్నట్లు. డాక్టర్ నగాయి ముందుగా చేసినది పెద్ద పనేమీ కాదు. వెళ్ళి అక్కడ కాపురం పెట్టారు. వంగి చీమలను చూశారు. గోధుమ మొలకను చూశారు. గంటను తవ్వారు. తాను చూడని పూలకు మొక్కలు నాటించారు. ఈ వారంలో మీ వీధిలో కూలిన ఇల్లు ఏదైనా ఉంటే, సలహాలు చెప్పకుండా, వెళ్ళి కాసేపు కూర్చుని రండి. అక్కడ మొలకెత్తుతున్నది ఏదో ఒకటి మీ కంటికి కనబడకపోదు.